వజ్రమ్మగారి గృహవీక్షణం

ఎవరూ చూడని మంచి సినిమాలు ఈ దేశంలో చాలా ఉన్నాయనీ, వాటి పేర్లు తెలిసినవాడు ఎదుటివాడికి చెప్పక మానడనీ, ఈ చెప్పుకోవడం వల్ల ప్రజలలో ఒక విధమైన అరాజకం ప్రబలుతున్నదనీ ప్రభుత్వానికి మొదట ఎవరు విన్నవించారో నేనెరుగను. మాట మాత్రం అబద్ధం కాదు. పెళ్ళిభోజనాల బంతిలో కూర్చున్నవాడు పప్పులో నెయ్యి పడకముందే పక్కవాడి చెవిలో ఒక సినిమా పేరు ఊదేవాడు. టిఫిను హోటల్లో పెసరట్టు వచ్చేలోగా మరి రెండు పేర్లు వినబడేవి. మా వైద్యుడు నా మోకాలు నొక్కి చూస్తూ, "తైలం రాయండి, రాత్రి గోరువెచ్చని నీళ్ళు పోయండి, ఇంట్లో కూర్చుని ఫలానా చిత్రం చూడండి, చిన్నవాళ్ళు తీశారు గాని బాగుంటుంది" అన్నాడు. చివరకు సత్యనారాయణ వ్రతంలో నాలుగో కథకూ అయిదో కథకూ నడుమ మా పురోహితుడు కూడా ఒక పేరు చెప్పాడు. అయిదో కథ మీద ఎవరికీ మనసు నిలవలేదు.

ఇంతటి వ్యవహారం అజమాయిషీ లేకుండా సాగడం భావ్యం కాదని తలచి ప్రభుత్వం "నిరాదృత చలనచిత్ర గృహవీక్షణ సిఫారసు మండలి" అనే సంస్థను కాకినాడలో నెలకొల్పింది. ఆదరణకు నోచుకోని చిత్రాలలో ఉత్తమమైన వాటిని ఎంపిక చేసి, ప్రభుత్వం ఇంటింటికీ ఇచ్చిన టీవీ పెట్టెల ద్వారా ప్రజలకు చూపించడం దాని ఆశయం. ఆశయంలో వంక పెట్టవలసినది ఏమీ లేదు. మత్స్యశాఖవారు ఖాళీ చేసిన భవనంలో పై అంతస్తు మండలికి ఇచ్చారు. ఎండుచేపల వాసన గోడలను ఇంకా విడవలేదు. ఆ శాఖలో గుమాస్తాగా ఉన్న కృపావరాన్ని కూడా భవనంతోపాటే మాకు దఖలు పరిచి, సభ్యకార్యదర్శి అన్నారు.

అధ్యక్షులు పరాంకుశరావుగారు. ఉన్నతోద్యోగం చేసి పదవీ విరమణ పొందిన నాటినుండి విరామమెరుగక పదవులు నిర్వహిస్తున్నవారు. ఆయన ఒకనాటి ఉదయం స్వయంగా మా ఇంటికి విచ్చేసి, నేను సంధ్యావందనం ముగించేవరకు అరుగు మీద ఓపికగా కూర్చున్నారు.

"సోమయాజులుగారూ, తమరు మండలి సభ్యత్వమును స్వీకరించవలసినదిగా కోరడమైనది" అన్నారు.

"అయ్యా, నేను సంస్కృతాంధ్రాలు బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. పురాణం చెబుతాను, పద్యం పాడేవాడుంటే వింటాను. సినిమా అనేది ఇంతవరకు చూడలేదు. ద్వేషం కాదు, తీరిక చిక్కలేదు" అన్నాను.

ఆయన ముఖం వికసించింది. "అదేనండీ తమ అర్హత. నిష్పాక్షికతకు ఇంతకంటె గట్టి ఆధారం లభ్యం కాజాలదు."

మూడవ సభ్యుడు విశ్వవిద్యాలయంలో సినిమా శాస్త్రం బోధించే ఆచార్యుడు. పాపం, ఆయన మొదటి సమావేశం దాటలేదు.

ఆ సమావేశంలో అధ్యక్షులు ఇట్లా ఆరంభించారు: "'నిరాదృత' అను పదమునకు నిర్వచనం లేనిదే ఫైలు కదలదు. ఒక చిత్రాన్ని ఒక్క వ్యక్తి చూసినా, ఆ మేరకు దానికి ఆదరణ లభించినట్లే పరిగణించవలసి ఉంటుంది. ఆదరణ లభించినదానిని నిరాదృతమని సిఫారసు చేయడం ప్రభుత్వాన్ని మోసగించడమే అవుతుంది. కాబట్టి ఎవరూ చూడని చిత్రమే నిరాదృత చిత్రం."

ఆచార్యుడు నవ్వాడు. ఇది పరిహాసమనుకున్నాడు. "మరి మనం చూడాలి కదండీ? చూడకుండా బాగుందో లేదో ఎలా చెబుతాం?"

"మనం చూసిన మరుక్షణం అది అర్హత కోల్పోతుంది కదా" అన్నారు అధ్యక్షులు శాంతంగా.

"అదేంటండీ! ఇక్కడికొచ్చిన దరఖాస్తుల్లో నేను నాలుగు ఇదివరకే చూశాను. నాలుగూ రత్నాలు."

"కృపావరంగారూ, ఆ నాలుగూ కొట్టివేయండి."

కృపావరం కొట్టివేశాడు. ఆచార్యుడికి ఆవేశం వచ్చింది. ఆవేశంలో మరికొన్ని చిత్రాల గొప్పతనం వివరించాడు. ఆయన ఒక్కొక్కదాన్ని పొగిడినకొద్దీ కృపావరం ఒక్కొక్కటి తీసి కింద పెడుతూ పోయాడు. టీ వచ్చేసరికి బల్లమీద ఏమీ మిగలలేదు. ఈయన ఇంకా ఏమేమి చూసి ఉన్నాడో అనే భయంతో మండలి ఆయన సేవలకు కృతజ్ఞతలు తెలిపి, ఆ సాయంకాలమే విముక్తుణ్ణి చేసింది.

అటుపై మేము చిత్రాలను చూడకుండానే పరీక్షించే పద్ధతి ఏర్పరచుకున్నాము. దరఖాస్తుదారు తన చిత్రం ఉన్న డిస్కును, మరే ప్రతీ దాచుకోలేదని ప్రమాణం చేసి, మండలికి అప్పగించాలి. మండలి దానిని లక్కముద్ర వేసి బీరువాలో భద్రపరచాలి. ఆపైన చిత్రం పేరునుబట్టి, దరఖాస్తుదారు మాటతీరునుబట్టి గుణం నిర్ణయించాలి. పేర్ల బాధ్యత నాది. పేరు శ్రావ్యంగా ఉన్నదా, సమాసం దుష్టం కాదు కదా అని నేను చూసేవాణ్ణి. నా మటుకు నేను శ్రద్ధగానే చేశాను.

మొదట ఎంపికైన చిత్రం విషయంలో ఒక పొరపాటు జరిగింది. దాని పేరు పత్రికలలో ప్రకటించాము. ప్రజలు పేరు చదివి, ఇంటి టీవీ పెట్టెలలో ఆ చిత్రాన్ని చూశారు. వెంటనే ఆడిటు శాఖనుండి శ్రీముఖం వచ్చింది: ఇంతమంది చూసిన చిత్రానికి నిరాదృత చిత్రమని ధ్రువీకరణ ఎట్లా కొనసాగుతున్నదో సంజాయిషీ ఇమ్మన్నారు. మండలి సిఫారసును రద్దుచేసి తప్పు దిద్దుకున్నది. రెండవసారి అట్టి పొరపాటుకు తావివ్వకుండా మా ప్రకటన ఇట్లా వెలువడింది: "ప్రజలు తమ తమ ఇండ్లలో చూడదగిన కొన్ని ఉత్తమ చిత్రములు కలవని ఇందుమూలముగా తెలియజేయడమైనది." దీనిమీద ఎవరికీ అభ్యంతరం రాలేదు.

గుత్తుల నాగవేణి మండలికి వచ్చినది ఈ దశలో. రామచంద్రపురం పిల్ల. ముప్పై నిండి ఉంటాయి. భుజానికి ఒక సంచి, చేతిలో హెల్మెట్టు. తన చిత్రం పేరు "దీపాలు తీసేశాక" అని చెప్పింది. మూతబడిన ఒక నాటక సమాజంలో ఆఖరుకు మిగిలిన ముసలి నటీమణి కథ అట. పేరులో దోషమేమీ నాకు కనిపించలేదు.

"చిత్రశాలలలో ప్రదర్శనకు ప్రయత్నించలేదా?" అని అధ్యక్షులు అడిగారు.

"తిరిగానండి. పోస్టరు చూసి 'హీరో ఎవరమ్మా' అన్నారు. 'హీరో లేడండి, డెబ్భై దాటిన మామ్మగారు' అన్నాను. నవ్వి, టీ ఇప్పించి పంపేశారండి. ఇక్కడైతే ఇంటింటికీ వెళ్తుందన్నారని వచ్చా."

"దీనిని ఇంతవరకు ఎవరెవరు చూశారు?"

"మొత్తంగా ఎవరూ చూళ్ళేదండి. నేనొక్కదాన్నే."

కృపావరం ఎర్రసిరా కలం మూత తీశాడు. ఆ పిల్ల ముఖంలో రక్తం ఇంకిపోవడం చూసి, నాకు తోచిన మాట చెప్పాను: "అధ్యక్షా, కర్త వేరు, ద్రష్ట వేరు. కుమ్మరి కుండను చూశాడని లోకం అనదు. చేశాడనే అంటుంది. చేయడంలో చూడడం అణగిపోతుంది."

పరాంకుశరావుగారు కన్నులు మూసుకుని ఆలోచించారు. "శాస్త్రసమ్మతమైన వాదం. నమోదు చేయండి." కృపావరం మూత పెట్టాడు. ముక్కలు అతికిన ఎడిటరు ముక్కలనే చూశాడు గాని చిత్రాన్ని చూడలేదని కూడా అదే ఊపులో తీర్మానమైంది. నాగవేణి ప్రమాణం చేసి, డిస్కు అప్పగించి, మాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. వేరే ప్రతి దాచుకోలేదు. ఈ కాలపు పిల్లలలో మాట నిలుపుకునేవారు ఉండరని అనేవారు ఆమెను చూడవలసినది.

ఆశ్వయుజం వెళ్ళబోతుండగా ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట ఒక వృద్ధురాలు ఉన్నది. పొట్టి మనిషి. జరీ అంచు వెలిసిన చీర, నుదుట రూపాయంత బొట్టు. మెట్లు ఎక్కి వచ్చినందుకు ఆయాసపడుతూనే, గుమ్మంలో ఆగి, గదిని ఈ కొసనుండి ఆ కొసకు పరకాయించి, తరువాత లోపలికి అడుగు పెట్టింది. జన్మంతా రంగస్థలం మీద గడిపినవారు అట్లాగే ప్రవేశిస్తారు.

"ఈవిడే అండి మా సినిమాలో మామ్మగారు. తాళ్ళూరి వజ్రమ్మగారు" అన్నది నాగవేణి. "డాక్టరుగారు కళ్ళల్లో నీటికాసులన్నారండి. ఒక కన్ను ఇప్పటికే పోయింది. రెండోదానికి చుక్కలమందు వేస్తున్నాం గానీ, ఆగదంట. కార్తీకం వెళ్ళేలోపు చూడాలనుకున్నవేవో చూసేసుకోండమ్మా అని చెప్పేశారండి. అన్ని పనులూ అయ్యాక, అందరితోపాటు చూపిద్దామని నేనే ఈవిడకి చూపించలేదండి. ఇప్పుడా డిస్కు మీ బీరువాలో ఉంది. ఒక్క పూట ఇప్పించండి. చూపించి మళ్ళీ తెచ్చి ఇచ్చేస్తాను."

"భావోద్వేగములకు నియమావళిలో అవకాశం కల్పించబడలేదు" అన్నారు అధ్యక్షులు. కఠినంగా కాదు, విచారంగానే అన్నారు.

వజ్రమ్మగారు కుర్చీ లాక్కుని కూర్చున్నది. "అయ్యా రాజుగారూ, మీ నియమావళి నాకు తెలీదు. నాకు తెలిసింది చెబుతా వినండి. నేను ఇక్కణ్ణించి తుని దాకా ఎక్కని స్టేజీ లేదు. అన్నీ రాణివేషాలే. పద్యం ఎత్తుకుంటే ఆడాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడిచేవోరు. నా మొహంలో ఏం చూసి ఏడిచారయ్యా వాళ్ళు? ఊరందరికీ తెలుసు, నాకే తెలీదు. అద్దంలో చూసుకుంటే రంగు కనపడిద్ది గానీ పద్యం కనపడదు కదా! తెర లేచిందంటే నేను మిమ్మల్ని చూట్టమే గానీ, నన్ను నేను చూసుకున్నది ఎప్పుడూ?"

"ఫొటోలు తీసి ఉండరా అమ్మా?" అన్నాడు కృపావరం.

"తీశారు నాయనా. ఫొటో నోరు తెరిచి పాడుద్దా? ఈ పిల్ల వచ్చి నన్ను పాడించి పట్టుకుందిట. కాశీ చూపించమన్నానా, తిరపతి చూపించమన్నానా? నన్ను నాకు చూపించమన్నా. ఆ మాత్రానికి మీ బీరువా అరిగిపోద్దా?"

అధ్యక్షులు ఇరకాటంలో పడ్డారు. ఆమె చూస్తే చిత్రం చూడబడినది అవుతుంది. చూడబడితే అర్హత పోతుంది. అర్హత పోతే నాగవేణి చిత్రం ఏ ఇంటికీ చేరదు. ఈ సంగతి ఆయన వివరించగా నాగవేణి, "పోతే పోనివ్వండి, నాకు ఈవిడ చూడటమే ముఖ్యం" అన్నది. "దరఖాస్తును ఉపసంహరించుకొను సదుపాయం నియమావళిలో లేదు" అని కృపావరం జ్ఞాపకం చేశాడు. మండలి వారి బీరువాలో ప్రవేశించే మార్గమున్నది గాని నిష్క్రమించే మార్గం ఎవరూ ఊహించలేదు. పద్మవ్యూహం రచించినవారు కూడా అంతే చేశారు.

అందరూ నా వంక చూశారు. మోమాటపడ్డాను గాని, వేదాంతం చదివినవాడు అడిగినప్పుడు మాట్లాడకపోవడం దోషం.

"అధ్యక్షా, మన పెద్దలు ద్రష్ట అనీ దృశ్యమనీ రెండుగా విభజించారు. చూసేది ద్రష్ట, చూడబడేది దృశ్యం. కంటికి కుండ దృశ్యం, మనసుకు కన్ను దృశ్యం. ఎన్ని మెట్లు ఎక్కినా దృశ్యం ద్రష్ట కాజాలదు, ద్రష్ట దృశ్యం కాజాలదు. ఈ విషయంలో వాదులాడుకునే మతాలవారందరికీ ఏకాభిప్రాయం ఉన్నది. ఇక ఈ చిత్రంలో దృశ్యం ఎవరు? వజ్రమ్మగారు. కాబట్టి—"

"కాబట్టి ఆమె చూసినా చూసినట్లు కాదు!" అని పరాంకుశరావుగారు బల్ల చరిచారు. ఇంత ఆనందం ఆయన ముఖంలో నేను అంతకుముందు చూడలేదు. "దృశ్యము ద్రష్ట కాజాలదు. కృపావరంగారూ, రాసుకోండి: 'దృశ్యమైన శ్రీమతి వజ్రమ్మ సదరు చిత్రమును చూచుట వీక్షణముగా పరిగణింపబడదు. అయితే సదరు గదిలో ద్రష్టలెవ్వరును ప్రవేశింపకుండ పర్యవేక్షించుటకు మండలి సభ్యులు శ్రీ సోమయాజులుగారు చిత్రమునకు వీపు పెట్టి ఆసీనులు కావలెను.'"

"మరి వినబడుద్ది కదా సార్?" అన్నాడు కృపావరం.

"మనది గృహవీక్షణ మండలి. శ్రవణం మన పరిధిలోకి రాదు."

వజ్రమ్మగారు నాగవేణి చెవి దగ్గర గట్టిగానే అడిగింది: "ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?"

"ఇచ్చారు మామ్మగారూ."

"మరి అంతసేపు తిట్టుకున్నారేం?"

వజ్రమ్మగారిల్లు జగన్నాథపురంలో వంతెన దాటాక ఒక ఇరుకు వీధిలో ఉన్నది. ఒక గది, వంటిల్లు. పెట్టె మీద చిన్న టీవీ. మేము వెళ్ళినది మధ్యాహ్నం భోజనాల వేళ. కృపావరం డిస్కును మత్స్యశాఖవారి ఐసుపెట్టెలో పెట్టి, తాళం వేసి మోసుకొచ్చాడు. ఎదురింటివాళ్ళు ఏ చేప అని అడిగితే ప్రభుత్వ రహస్యమన్నాడు. కిటికీలకు దుప్పట్లు కట్టాడు. తరువాత వీధి గుమ్మంలో స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. కర్త గనుక నాగవేణిని లోపల ఉండనిచ్చాము.

నేను టీవీకి వీపు పెట్టి కూర్చున్నాను. నాకు ఎదురుగా చాప మీద వజ్రమ్మగారు. కంటికి చుక్కలమందు వేయించుకుని, కొంగుతో తుడుచుకుని, జుట్టు సవరించుకున్నది. బొట్టు తడిమి చూసుకున్నది. టీవీలో మాట మొదలుకాగానే వెన్ను నిటారుగా నిలిపింది.

"ఎవత్తే ఈ ముసలిది?"

"మీరే మామ్మగారూ."

"నేనా? నేనింత పొట్టిదాన్నా? ఓసినీ! మరి మా నాటకం కంపెనీ నాయుడు నన్ను ఎత్తు పీట మీద నిలబెట్టేవోడు, అందుకేనన్నమాట. అదేవిటే, ఆ మెడ అట్టా వాల్చానేం? రాణి మెడ వాల్చకూడదు."

"కథలో మీరు రాణి కాదండి. రాణివేషం వేసినావిడ."

"ఓహో" అన్నది. చాప మీద కొంచెం ముందుకు జరిగింది.

నాకు వెనుకనుండి, టీవీలో, పెట్టె మూత కిర్రుమనడం, పట్టుచీర మడతలు విప్పుతున్న సవ్వడి, ఎవరో బజారువాడు బేరమాడడం వినబడుతున్నాయి. ముందు వజ్రమ్మగారి ముఖం. బేరగాడు కసిరినప్పుడు ఆమె పెదవి బిగిసేది. ఎవరో పిల్ల నవ్వితే ఆమె కనుబొమ లేచేది. తెరమీద ఏమి జరుగుతున్నదో నాకు చెప్పినవారు లేరు గాని తెలియనిదీ లేదు. ఒక సభ్యుడు తన విధిని ఇంత చక్కగా నిర్వర్తించడం మండలి చరిత్రలో అదే మొదలని మనసులో అనుకున్నాను కూడా.

అంతలో చిత్రంలో చీపురు చప్పుడు ఆగింది. ఖాళీ రంగస్థలం అయి ఉంటుంది, గాలి బోలుగా మోగింది. ఎక్కడో ఒక హార్మోనియం శ్రుతి పట్టింది. చిత్రంలోని వజ్రమ్మగారు పద్యం ఎత్తుకున్నారు.

మోహన రాగం. గొంతులో వయసు జీర ఉన్నది, అయినా పాదం ఎక్కడా కుంటలేదు. యతిస్థానం దగ్గర ఆమె ఒక్క లిప్త ఆగి, ఆ అక్షరాన్ని పువ్వును ముడిచినట్లు తాకి ముందుకు సాగింది. రెండవ పాదం పైకి వెళ్ళింది. మూడవ పాదం ఇంకా పైకి. నా ఎదుట కూర్చున్న వజ్రమ్మగారి పెదవులు కదులుతున్నాయి, కంఠం మాత్రం పలకడం లేదు. ఆ ఒక్క కంటిలో నీరు నిండి చెంపమీదికి జారుతున్నా తుడుచుకోలేదు. రెప్ప వేస్తే ఆ మేరకు చూపు వృథా అవుతుందన్నట్లు రెప్ప వేయలేదు. "ఇదా?" అని మెల్లగా అన్నది. "ఇదా వాళ్ళు చూసింది?"

నాలుగవ పాదం ముగిసి ఆలాపన అంతరిక్షానికి ఎక్కి దిగింది.

మా ప్రాంతంలో పద్యనాటకం ఎరిగినవారికి ఒక ధర్మం ఉన్నది. పద్యం పండినప్పుడు ఊరకుంటే పాపం. నటీమణి వేసిన పాత్ర అప్పటికి చనిపోయినా సరే, ఆమె లేచి మళ్ళీ పాడవలసినదే. నేను చిన్ననాట ముందు వరుసలో చాప మీద కూర్చుని నేర్చుకున్నది ఆ ధర్మం. అది నియమావళికంటె పాతది. నా ప్రమేయం లేకుండానే నా నోట వెలువడింది:

"వన్స్ మోర్!"

నాగవేణి ఉలిక్కిపడి, మరుక్షణం పకపకా నవ్వి, పద్యాన్ని మొదటికి తిప్పింది. వజ్రమ్మగారు అప్పుడు నన్ను చూశారు.

"అయ్యా సోమయాజులుగారూ, వన్స్ మోర్ కొట్టినవాడు వీపు చూపిస్తాట్టండీ? నా జన్మలో ఇలాంటి అవమానం చూళ్ళేదు. ఇటు తిరగండి!"

నేను తిరిగాను. పద్యం సాంతం చూశాను. ఏమి చూశానో వెల్లడించడం మండలి నిబంధనల ప్రకారం నిషిద్ధం.

జగన్నాథపురం నాటకాలకు పుట్టినిల్లు వంటిది. ఇంటి తలుపు వెనుకనుండి వన్స్ మోర్ అన్న కేక వినబడితే అక్కడివారు భోజనం ముందు నుండైనా లేచి వస్తారు. "ఎవరే అక్కడ పాడుతుంది? వజ్రమ్మత్తా?" అంటూ మొదట ఎదురింటి కోడలు, ఆమె వెనుక ఎంగిలిచేతులతో మామగారు, తరువాత చేపలబుట్ట దించకుండానే ఒకామె, తరువాత ఎవరెవరో. గుమ్మంలో కృపావరం రెండు చేతులూ చాచి, "ద్రష్టలకు ప్రవేశం లేదండీ! ద్రష్టలు ఆగాలండీ!" అని అరిచాడట. ద్రష్టలంటే ఎవరో తెలియక ఎవరూ ఆగలేదు. తోపులాటలో అతడూ లోపలికి వచ్చిపడ్డాడు. పడినవాడు లేవలేదు. అక్కడే మఠం వేసుకుని చివరిదాకా చూశాడు. ఆ పద్యం మరి రెండుసార్లు పాడించారు. మూడవ వన్స్ మోర్ కృపావరానిది.

విచారణ మరుసటి వారం జరిగింది. వజ్రమ్మగారు రాలేదు. ఆమె సాక్ష్యం అవసరం లేదని డిస్కుకు పట్టిన చేపలపులుసు మరకను చూడగానే అందరికీ అర్థమైంది.

"దృశ్యమునకు అనుమతి ఇవ్వగా, వీధి మొత్తము ద్రష్టలుగా పరిణమించినట్లు నివేదిక అందినది" అన్నారు పరాంకుశరావుగారు. "సోమయాజులుగారు, తమరు కూడ తిరిగితిరా?"

"తిరిగానండి."

"ఏ సూత్రం ఆధారంగా?"

శాస్త్రమంతా మనసులో వెతికాను. ఒక్క వాక్యమూ సాయం రాలేదు. "ఆవిడ తిరగమన్నారండి" అన్నాను.

ఆయన కృపావరాన్ని కలం తీయమన్నారు. తరువాత తీర్పు చెప్పి రాయించారు: "నిరాదరణకు గురియగుటలో దరఖాస్తుదారు విఫలమైనందున, సదరు చిత్రము జాబితానుండి తొలగింపబడినది. సదరు డిస్కు ఆమెకు వాపసు చేయబడును. సదరు చిత్రముతో మండలికి ఇకపై ఏ సంబంధము ఉండదు."

నాగవేణికి నమ్మకం కలగలేదు. "అంటే ఏంటండీ? ఇక నేను ఎవరికైనా చూపించుకోవచ్చా?"

"సంబంధము ఉండదంటున్నాను కదమ్మా."

"వాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పుకోవచ్చా?"

"సంబంధము ఉండదు."

ఆ పిల్ల ఐసుపెట్టెతో సహా డిస్కును ఎత్తుకుని మెట్లమీదుగా పరుగెత్తింది. పెట్టె ప్రభుత్వానిదని కృపావరం కేక వేయలేదు. నన్ను మండలి సభ్యత్వం నుండి తొలగించారు. ఒక చిత్రాన్ని చూసినవాడు నిష్పాక్షికుడు కాజాలడు గనుక అది న్యాయమే. ఇంటింటికీ చేర్చే ప్రభుత్వ పెట్టెలలో నాగవేణి చిత్రం ఎన్నటికీ రాలేదు. ఆమె దానిని పెన్‌డ్రైవులలో ఎక్కించి అడిగినవారికల్లా ఇచ్చింది. సామర్లకోటలో ఎవరో చూశారట. పిఠాపురంలో ఒక హోమియో వైద్యుడు రోగులకు ఇస్తున్నాడట. ఎందరు చూశారో లెక్క పెట్టేవారు లేరు.

కార్తీకం వెళ్ళకముందే వజ్రమ్మగారి రెండవ కన్ను కూడా వెలుతురును వదిలివేసింది. అప్పటికి ఆమె ఆ చిత్రాన్ని తనివితీరా చూసుకున్నది. ఇప్పుడు సాయంకాలాలు ఆ గదిలో టీవీ పక్కన గోడకు ఆనుకుని, వచ్చినవారి వైపు ముఖం పెట్టి కూర్చుంటుంది. తెరను చూడదు, చూసేవాళ్ళ ఊపిరి వింటుంది. ఎవరైనా పద్యం దగ్గర దగ్గితే కసురుతుంది.

నేను మార్గశిరంలో ఒకనాడు వెళ్ళేసరికి గది నిండి ఉన్నది. నాగవేణి నాకు చోటు చేసింది. చిత్రం సగం దాకా వచ్చింది. అంతలో గుమ్మంలో ఎవరో చెప్పులు విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడిపోయారు. చేతిలో మడిచిన గొడుగు. పరాంకుశరావుగారు. నన్ను చూసి తల వంచుకుని, "అర్ధదినం సెలవు పెట్టి వచ్చాను" అన్నారు, సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్లు.

అడుగుల సవ్వడి ఆగడం వజ్రమ్మగారు విన్నది. ముఖం అటు తిప్పింది.

"ఎవరయ్యా వచ్చింది?"

ఆయనకు పేరు ఉన్నది, హోదా ఉన్నది, విరమణకు ముందున్న పదవులన్నీ ఉన్నాయి. గొడుగును గోడకు ఆనించారు.

"ప్రేక్షకుణ్ణమ్మా" అన్నారు.

"అయితే నిలబడ్డారేం? కూచోండి. ఒరేయ్, జరగండ్రా, ఆయనకి ముందు చోటివ్వండి" అని, చేతితో తడిమి నాగవేణి భుజం తట్టింది. "పాపం, సగం పోయింది ఈయనకి. మొదటినుంచి వెయ్యి."